ఎండ పడదు

ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి నెలాఖరు.

వేణుమాధవ్‌కు, నీ మేనత్త మహానందమ్మ చెప్పగా పక్కింటి షరీఫా రాస్తున్నది.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నేను ఒక మాట గట్టిగా అంటే నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు. ఇంకొకటి. నేను చెప్పినది చెప్పినట్టుగా ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. ఈసారి రాతలో ఉండాలి. అందుకే షరీఫాను కుట్టుమిషను ఆపించి కూర్చోబెట్టినాను. పుస్తకాల తెలుగులో రాయమన్నాను. నా నోటి తెలుగులో రాస్తే చదువురాని ముసల్దాని గోల అని మడిచి పక్కన పెడతారు. (పుస్తకాల తెలుగులోనే రాస్తున్నాను సార్. తిట్లు మాత్రం ఎలా మార్చాలో తెలియక వదిలేస్తున్నాను. — షరీఫా)

సంగతి నీ కూతురు సాత్విక గురించి.

మొన్న మీరు అహోబిలం పోయి వస్తూ నేను పనిచేసే శిల్పాల షెడ్డు దగ్గర కారు ఆపినారు కదా. నువ్వూ నీ భార్య వర్షిణీ దిగకముందే ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, రాళ్లు తడిపే తొట్టిలో రెండు చేతులూ మోచేతుల దాకా ముంచింది. రాతిపొడి కలిసి పాలమాదిరి ఉన్న నీళ్లు అవి. మంచి గౌను వేసుకున్న పిల్ల, తడుస్తుందని కూడా చూసుకోలేదు. నేను వినాయకుడి తొండానికి ఉప్పుకాగితం పడుతూ చూస్తున్నాను. నువ్వు వెనకాలే వచ్చి ఏమన్నావో గుర్తుందా?

"చూసినావా అత్తా, డ్రామా! కొండ మీద ఏడుపు, మెట్ల మీద ఏడుపు. ఒక బొబ్బ ల్యా, ఒక మచ్చ ల్యా. నాలుగడుగులు ఎండలో నడిచేకి ఇంత నాటకం."

మా అన్న భాస్కరయ్య, అదే మీ నాయన, కారు దిగనే లేదు. అద్దంలో నుంచి పిల్లను చూసి, నన్ను చూసి, మొహం అటు తిప్పుకున్నాడు.

నేను పిల్ల పక్కన కూర్చుని ఏమైందని అడిగితే చెవిలో చెప్పింది. "అవ్వా, ముందు లోపల చీమలు కుడతాయి. తర్వాత నిప్పు. ఇంటికి పోయినాక ఫ్యాను గాలి తగిలినా మంటే." ఒరే, అవి నా మాటలు. అచ్చంగా నావి. నేను ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు, ఎవరికీ చెప్పడం మానేసి చాలా కాలమైంది. ఆ మాటలు ఆ పిల్లకు యాడ దొరికినాయి? నాకూ అంతేనని అప్పుడే ఆ పిల్ల చెవిలో చెప్పినాను.

పిల్ల అబద్ధం చెప్పడం లేదు. ఎండలో నిలబెట్టొద్దు. డాక్టరుకు చూపించు. అట్లాగే, నువ్వు కాలేజీలో వెలుగు పెట్టి ఏవో పరీక్షలు చేస్తావంట, దానికి డాక్టరు పట్టా కూడా ఇచ్చినారంట. ఆ చదువేందో షరీఫాకు అర్థమయ్యేటట్టు రాయి. వెలుగు గురించి అంత తెలిసినవాడికి ఇది ఎందుకు తెలియలేదో నేను చూడాలి.

ఇట్లు చెప్పినది మహానందమ్మ. వేలిముద్ర వేస్తానంటే షరీఫా నవ్వుతున్నది. వేసినాను.

*

నంద్యాల,
మార్చి మొదటి వారం.

అత్తకు వేణు నమస్కారం.

జాబు అందింది. మా ఇంటికి చేత్తో రాసిన ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో. వర్షిణి, నేను చదువుకుని నవ్వుకున్నాము. నీ వేలిముద్ర మాత్రం చాలా స్పష్టంగా పడింది.

సాత్విక గురించి నువ్వు బాధపడొద్దు. ఆ బాధ మాకూ ఉంది. క్లాస్ టీచర్ మమ్మల్ని పిలిపించింది. స్పోర్ట్స్ డే డ్రిల్లుకు గ్రౌండులోకి రమ్మంటే "ఐ డోంట్ లైక్ సన్" అని మొహం మీదే చెప్పిందట. ఆ బళ్లో తెలుగు మాట్లాడనివ్వరు కాబట్టి ఇంగ్లీషులోనే చెప్పింది, అదొక్కటే సంతోషం. మొండితనం ఇప్పుడే తుంచకపోతే కష్టమని టీచర్ అంది. నాన్న కూడా అదే అన్నాడు. సన్‌స్క్రీన్ కొన్నాను. ఇంకా ఏడిస్తే కౌన్సిలర్‌కు చూపిద్దాం అనుకుంటున్నాము. ఈ కాలం పిల్లలకు చూసిందల్లా అనుకరించడం అలవాటు. నువ్వు ఎండకు భయపడడం ఎప్పుడో చూసి ఉంటుంది.

నా చదువు గురించి అడిగావు. ఇంట్లో ఎవరూ అడగలేదు, కాబట్టి సంతోషంగా రాస్తున్నాను.

గాలిలో ఉండే ఆక్సిజన్ మామూలుగా నెమ్మదస్తురాలు. ఎవరి జోలికీ అంత తొందరగా పోదు. కానీ ఒక ద్రావణంలో తగిన రంగు కొంచెం కలిపి వెలుగు పెట్టామనుకో, ఆ రంగు అణువు వెలుగును మింగి, ఆ ఊపును పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది. అప్పుడు ఆక్సిజన్‌కు పూనకం వస్తుంది. దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటాము. నీళ్లలో దాని ఆయుష్షు కంటిరెప్ప పాటులో వెయ్యో వంతు కూడా ఉండదు. కొన్ని ఇతర ద్రవాల్లో ఇంకాస్త ఎక్కువ. ఉన్న ఆ కాస్తలోనే చేతికి అందినదాన్నల్లా కరుస్తుంది. కొవ్వును, మాంసకృత్తులను, దేన్నైనా.

దాన్ని చల్లార్చే అణువులు కొన్ని ఉన్నాయి. ఏ అణువు ఎంత వేగంగా చల్లారుస్తుందో కొలవడమే నా పని. ఎలా కొలుస్తారంటావా? సింగ్లెట్ ఆక్సిజన్ తన ఊపు పోగొట్టుకునేటప్పుడు చాలా సన్నటి వెలుగు ఒకటి విడుస్తుంది. మనిషి కంటికి కనబడదు. యంత్రానికి కనబడుతుంది. చల్లార్చే పదార్థాన్ని ఎంత ఎక్కువ కలిపితే ఆ వెలుగు అంత త్వరగా ఆరిపోతుంది. అది ఆరిపోయే వేగాన్ని బట్టి ఆ అణువు సత్తా ఎంతో తేలుతుంది. ఆ కనబడని వెలుగు వెనకాలే నా ఆరేళ్లు పోయాయి.

షరీఫా గారికి అర్థమైతే నీకూ అర్థమైనట్టే.

ఆరోగ్యం చూసుకో.
నీ వేణు.

*

ఆళ్లగడ్డ,
మార్చి, ఎండలు ముదిరినాక.

వేణూ,

నీ జాబు షరీఫా రెండుసార్లు చదివింది. మొదటిసారి ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి నాకు అర్థమైంది. (నిజమే సార్. — షరీఫా)

ముందు పిల్ల సంగతి. 'ఐ డోంట్ లైక్ సన్' అంటే ఏమని షరీఫాను అడిగినాను. ఎండ నచ్చదు అని అంట. ఆ పిల్ల నా దగ్గర ఏమన్నదో తెలుసా? "అవ్వా, నాకు ఎండ పడదు" అన్నది. పడదు అంటే నచ్చదనా? షరీఫా మొగుడికి వంకాయ పడదు. తింటే ఒళ్లంతా దద్దుర్లు. అతనికి వంకాయ మీద కోపమా? ఇంకో ముక్క వేయమని అడుగుతాడు పాపం. మీ ఇంగ్లీషు బడి ఆ పిల్ల నోట్లో మాటను మార్చేసింది. ఒంటికి పడనిదాన్ని మనసుకు నచ్చనిదిగా చేసి, పైగా మొండిదని పేరు పెట్టింది. నువ్వేమో ఇంగ్లీషులో చెప్పిందని సంతోషపడుతున్నావు.

నాకైతే ఇంగ్లీషు లేకుండానే ఆ పని చేసినారు. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు, కాబట్టి నేను చెప్తున్నాను.

రుద్రవరంలో పుట్టినదాన్ని. ఉయ్యాలవాడ పక్కన ఇచ్చినారు. అక్కడంతా శనగ చేలు. శనగచెట్టు పీకితే దాని పులుపుకు ఎవరి చేతులైనా చురచుర మంటాయి. నాకు పులుపు మంట వేరు, ఎండ మంట వేరు. పులుపు మంట కడిగితే పోతుంది. ఎండ మంట రెండు రోజులు రాత్రీ పగలూ ఉంటుంది, చేతులు తెగ్గొట్టుకోవాలనిపిస్తుంది. చెప్తే మా అత్త ఏమంటుందంటే, "అందరికీ మండుతాది, నీ చేతులేమైనా బంగారమా?" మబ్బు పట్టిన రోజు పోయేదాన్ని. పొద్దు పొడవకముందు పోయి వచ్చేదాన్ని. అది ఇంకా తప్పయింది. "ఒకపొద్దు పని చేస్తాది, ఒకపొద్దు మంచం దిగదు, దీనికి వేషాలు ఎక్కువ" అన్నారు.

పంచాయితీ పెట్టినారు. పెద్దమనుషులు అడిగినారు, "ఏమ్మా, చేనికి ఎందుకు పోవు?" అని. నేను, "నాకు ఎండ పడదు" అన్నాను. మా వైపు మనిషిగా వచ్చినవాడు మా అన్న ఒక్కడే. వాడు లేచి చెప్పినాడు. "దీనికి ఎండ పడదు, పని పడదు, అత్త పడదు. మా చెల్లెలికి రోగమేం ల్యా. ఒళ్లు వంగదు, అంతే. గారాబం చేసి మేమే చెడగొట్టినాం." అందరూ నవ్వినారు. ఒక పెద్దమనిషికి తెలివి పుట్టింది. "నిలబెట్టి చూస్తాం. బొబ్బ లేస్తే రోగం, లేయకపోతే నాటకం" అన్నాడు. మిట్టమధ్యాహ్నం నన్ను కల్లంలో నిలబెట్టినారు. నేను అరిచినాను, నేల మీద పడి పొర్లినాను, మన్ను చేతులకు పూసుకున్నాను. బొబ్బ లేయలేదు. నాకు ఎప్పుడూ లేయదు. మా అన్న నీడలో నిలబడి చూసినాడు.

ఇప్పుడు నీ చదువు సంగతి. కనబడని వెలుగు వెనకాల ఆరేళ్లు తిరిగితివి. కంటికి కనబడకపోయినా ఉందని నమ్మితివి, కొలిస్తివి, నీకు డాక్టరు పట్టా ఇచ్చిరి. నా మంట కనబడలేదని నన్ను అబద్ధాలకోరును చేసిరి. నీ కూతురి మంట కనబడలేదని నువ్వు డ్రామా అంటివి. నీ కాలేజీలో ఉన్న నమ్మకం నీ ఇంట్లో ఎందుకు లేదు?

నాకు కావలసింది రెండు. పిల్లను డాక్టరుకు చూపించాలి. రెండోది, మీ నాయన తన నోటితో "మహానందమ్మ అబద్ధం చెప్పలేదు" అనాలి. చేసినదానికి దండం పెట్టమనడం లేదు. ఆ ఒక్క మాట. నేను పోయేలోగా.

మహానందమ్మ.

*

నంద్యాల,
ఏప్రిల్ రెండో వారం.

అత్తా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలా కాగితాలు చింపాను.

నీ జాబు వచ్చిన మరునాడు ల్యాబులో రంగు తూస్తున్నాను. నేను ఆక్సిజన్‌కు పూనకం తెప్పించడానికి వాడే రంగు పోర్ఫిరిన్ జాతిది. సీసా మీద ఆ పేరు నా చేతిరాతే. ఎన్ని వందల సార్లు చదివానో. మనిషి రక్తం ఎర్రగా ఉండడానికి కూడా ఆ జాతి అణువే మూలం, అది ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. రక్తం తయారయ్యే దారిలో ఒక మెట్టు దగ్గర పని కుంటుపడితే ఆ రంగు తయారై వాడకానికి పోక, రక్తంలో, చర్మంలో పోగుపడుతుంది. చేతి మీద ఎండ పడగానే నా సీసాలో జరిగేదే చర్మం లోపల జరుగుతుంది. పైన బొబ్బ ఉండదు. లోపల నిప్పు. చెంచా నా చేతిలోనే ఉండిపోయింది.

సాత్వికను చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాము. రక్తం హైదరాబాద్ పంపారు. ఫలితం వచ్చింది. అదే. ప్రోటోపోర్ఫిరియా అంటారు. పుట్టుకతో వచ్చేది. సన్‌స్క్రీన్ దీనికి పనిచేయదు, కారు అద్దం కూడా ఆపలేదు. స్పోర్ట్స్ డేకు ఆ పిల్లను నేనే గ్రౌండులో దించి వచ్చాను.

మందుగా కెరోటిన్ ఇచ్చారు. క్యారెట్లో, బొప్పాయిలో ఉండే పసుపుపచ్చ పదార్థమే, ఎక్కువ మోతాదులో. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు, చూద్దాం అన్నారు. అది ఎలా పనిచేస్తుందో చెబుతాను, నువ్వు అడుగుతావు కాబట్టి. చల్లార్చే అణువులు రెండు రకాలు. ఒక రకం, పూనకం వచ్చిన ఆక్సిజన్ తగలగానే దాని ఊపును తాను తీసుకుని, కొద్దిపాటి వేడిగా వదిలేసి, తాను మళ్లీ మామూలుగా అయిపోతుంది. ఇంకొకదాన్ని చల్లార్చడానికి సిద్ధంగా ఉంటుంది. కెరోటిన్ ఎక్కువగా ఆ రకం. రెండో రకం, ఆక్సిజన్ కోపాన్ని తన మీదకే తీసుకుని దానితో కలిసిపోతుంది. ఆక్సిజన్ చల్లారుతుంది, కానీ ఈ అణువు ఇక ఆ అణువుగా ఉండదు. ఒక్కసారికే దాని పని సరి.

బడికి కాగితం ఇచ్చాను. ఇకపై గ్రౌండు లేదు, కిటికీ పక్కన బెంచీ లేదు. ఆసుపత్రికి నాన్న కూడా వచ్చాడు. డాక్టరు చాలా విషయాలు అడిగారు. చెప్పవలసినవి చెప్పాము. నీ రెండో కోరిక గురించి నాన్నతో సమయం చూసి మాట్లాడతాను. ఈ మధ్య ఆయనకు బీపీ ఎక్కువగా ఉంది.

నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

వేణు.

*

నంద్యాల,
మే.

అవ్వకు,

నేను సాత్విక. తెలుగులో రాయడం నాకు కష్టం. తప్పులుంటే నవ్వొద్దు. షరీఫా ఆంటీ కూడా నవ్వొద్దు.

నేను ఆరెంజ్ కలర్ మందు వేసుకుంటున్నాను. నా అరచేతులు పసుపు రంగులోకి వచ్చాయి. కింది ఇంటి పిల్లలు నన్ను పసుపుకొమ్ము అంటున్నారు. నేను వాళ్లను ఉప్పు బస్తా అన్నాను. మంట కొంచెం తగ్గింది అనిపిస్తుంది, కొన్ని రోజులు అనిపించదు.

నీకు ఒకటి అడగాలి. డాక్టర్ అంకుల్ "మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని అడిగారు. తాత "మా వంశంలో ఎవురికీ ల్యా" అన్నాడు. డాక్టర్ నాన్న వైపు చూశారు. నాన్న ఫోన్ చూసుకున్నాడు. కానీ ఆ ఫోన్ ఆఫ్‌లో ఉంది, నల్లగా ఉంది, నేను చూశాను. నేను "మా ఆళ్లగడ్డ అవ్వకు" అని మొదలుపెట్టాను. తాత నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. గట్టిగా కాదు. కానీ మంట ఉన్న చెయ్యి అదే.

నీకు లేదా అవ్వా? నువ్వు నాకు కూడా అంతే అని చెప్పావు కదా తొట్టి దగ్గర. మీలో ఎవరు నిజం?

ఇది అమ్మ పోస్ట్ చేస్తుంది. అమ్మ చదివింది, ఏమీ అనలేదు, స్టాంపు అంటించింది.

సాత్విక.

*

ఆళ్లగడ్డ,
మే, నిప్పులు కురుస్తున్న రోజు.

వేణుమాధవ్‌కు,

"చెప్పవలసినవి చెప్పాము" అని రాసినావు. షరీఫాతో ఆ ఒక్క వరుస మళ్లీ చదివించుకున్నాను. చెప్పవలసిన వాటిలో నేను లేనన్నమాట.

రోగానికి పేరు లేనప్పుడు నాకు రోగం లేదన్నారు. సరే, ఎవరికీ తెలియదు అనుకుందాం. ఇప్పుడు దానికి పేరు వచ్చింది, నోరు తిరగనంత పెద్ద పేరు. ఆ పేరు పెట్టిన రోజే, అదే గదిలో, మళ్లీ "ఎవురికీ ల్యా" అన్నాడు మా అన్న. నువ్వు నల్లటి ఫోను చూసుకున్నావు. అందులో ఏం కనబడిందిరా నీకు? నీ మొహమే కదా!

మీ నాయన అబద్ధం నాకు కొత్త కాదు. కానీ నువ్వు నా జాబు చదివి, తెలిసి, ఊరుకున్నావు. నేను పంచాయితీలో నిలబడినప్పుడు మీ నాయనకు తెలియకపోవచ్చు. డాక్టరు గదిలో నీకు తెలుసు. మీ ఇద్దరిలో ఎవరిది పెద్దది?

పైగా ఆ పిల్ల అడుగుతున్నది, మీలో ఎవరు నిజం అని. తొమ్మిదేళ్ల పిల్లకు నేను సాక్ష్యం చెప్పుకోవాలి. ఇదివరకు పెద్దమనుషులకు చెప్పుకుంటిని, ఇప్పుడు పిల్లకు.

రెండు రకాలని రాసినావు కదా. ఒకటి మంటను తీసుకుని వేడిగా వదిలేసి మళ్లీ మామూలుగా కూర్చుంటుంది, ఇంకొకటి తానే ఖర్చయిపోతుంది. మీరందరూ నన్ను మొదటి రకం అనుకున్నారు. ఎంత మంట పోసినా మహానందమ్మ నాలుగు తిట్లు తిట్టి వేడి వదిలేస్తుంది, మరునాడు మళ్లీ రాళ్లు రుద్దుకుంటుంది, ఏమీ కాదు. అందుకే ఇంకా పోస్తున్నారు. నేను ఏ రకమో కొలిచే యంత్రం మీ కాలేజీలో లేదు.

ఆ పంచాయితీ తర్వాత ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఉన్నాను. రోగం లేదని మా అన్నే చెప్పినాడు కదా, ఇక వాళ్లకేం అడ్డం? కట్టెతో చేనికి తోలినారు. ఒకరోజు చీకటితో లేచి నడుచుకుంటూ వచ్చేసినాను. అన్న గడప ఎక్కలేదు. ఈ షెడ్డుకు పైకప్పు ఉంది కాబట్టి ఇక్కడ ఆగినాను. దేవుళ్లను నున్నగా చేస్తూ ఇంతవరకూ బతికినాను. ఇదీ నా ఖర్చు.

ఇంకొకటి. నాకు పిత్తాశయంలో రాళ్లని కర్నూలులో ఆపరేషన్ చేసినారు. ఆ రాళ్లు నల్లగా, చిత్రంగా ఉన్నాయని అక్కడి డాక్టరు అన్నాడు. అది దీనికి సంబంధమో కాదో నాకు తెలియదు. మీ డాక్టరుకు తెలుస్తుంది. నేనొకదాన్ని ఉన్నానని తెలిస్తే కదా ఆయన అడిగేది! నన్ను దాచినందుకు కాదు నా కోపం. నా వంటిదే ఇంకో ఒళ్లు నా వెనక అదే దారిలో నడుస్తుంటే, దారి చెప్పనీయకుండా నా నోరు మూసినారు. అది నేను ఒప్పుకోను.

సోమవారం నంద్యాల వస్తున్నాను. పగటి బస్సులో. షరీఫా తన బురఖా, చేతి తొడుగులు ఇస్తున్నది. ఆ డాక్టరు ముందు కూర్చుంటాను. నువ్వు వస్తే రా, లేకపోతే దారి అడుక్కుంటూ పోతాను. (వచ్చేయండి సార్. ఆమె నిజంగానే పోతుంది. — షరీఫా)

మహానందమ్మ.

*

నంద్యాల,
జూన్.

అత్తా,

ఆ రోజు బస్టాండులో నేను నీ చీర కోసం వెతుకుతున్నాను. నల్ల బురఖాలో ఒకావిడ వచ్చి నా జబ్బ మీద చరిచి, "ఏంరా, కనపడల్యా? కనపడనిదాన్ని కొలుస్తానంటివే!" అంది. చుట్టూ జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బస్సులో కండక్టరు నీతో ఉర్దూలో మాట్లాడాడని, నువ్వు తెలుగులో తిట్టావని తర్వాత చెప్పావు. దారి పొడుగునా నువ్వే మాట్లాడావు. నేను వింటూ నడిచాను.

డాక్టరు "ఈవిడ మీకు ఏమవుతారు?" అని అడిగినప్పుడు "మా మేనత్త. ఈమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. పోయినసారి మేము చెప్పలేదు" అన్నాను. ఇది నా గొప్ప కోసం రాయడం లేదు. నువ్వు అప్పుడు బురఖా ముసుగు ఎత్తి నా వైపు చూసిన చూపు మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

ఫలితం వచ్చింది. నీకు ఉంది. సాత్వికకు ఉన్నదే. కాగితం దీనితో పంపుతున్నాను. నీ పిత్తాశయంలో రాళ్లు కూడా దీనివల్లే అయి ఉండొచ్చని, అది ముందే తెలిసి ఉంటే పిల్ల కాలేయాన్ని మొదటే పరీక్షించేవాళ్లమని డాక్టరు అన్నారు. నా వైపు చూసే అన్నారు. పరీక్ష చేయించాము. ఇప్పటికి బాగానే ఉంది. ఏడాదికోసారి చూపించాలి.

ఇది రెండు వైపుల నుంచి కలిస్తేనే పైకి వస్తుందట. ఒక వైపే ఉంటే మనిషి ఏమీ తెలియకుండా ఎండలో తిరుగుతాడు, కానీ పిల్లలకు ఇస్తాడు. సాత్వికకు ఒక సగం వర్షిణి నుంచి, ఒక సగం నా నుంచి వచ్చింది. నాకు నాన్న నుంచి వచ్చి ఉండాలి. ఆయన రక్తం కూడా చూస్తే మంచిదన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "ఈ వయసులో నాకు సూదులు ఏటికి?" అన్నాడు. నీ కాగితం చదివి వినిపించాను. "అది ఇప్పుడైనా మనశ్శాంతిగా ఉంటాదిలే" అన్నాడు. నువ్వు కోరిన ఆ ఒక్క మాట చెప్పమని నేరుగా అడిగాను. "ఇంటికి పిలిపిస్తే చెప్తా, నలుగురిలో కాదు" అన్నాడు. నువ్వు రావని చెప్పాను. అయితే తానే ఆళ్లగడ్డ వస్తానన్నాడు. ఎప్పుడు వస్తాడో నాకు చెప్పలేదు.

సాత్విక నీకు చెప్పమన్న మాట: "నాకు నిజం తెలిసింది."

వేణు.

*

ఆళ్లగడ్డ,
జూన్ చివర.

వేణూ,

మీ నాయన వచ్చి పోయినాడు. ఆయన చెప్పే మాట ఒకటి ఉంటుంది, నా మాట కూడా నీ దగ్గర ఉండాలని రాయిస్తున్నాను.

మధ్యాహ్నం వచ్చినాడు. నేను షెడ్డులో ఒక నందికి వీపు నున్న చేస్తున్నాను. మిగతా వాళ్లు అన్నాలకు పోయినారు. చేతికర్ర ఆనించి, దుమ్ములోనే కూర్చున్నాడు. నీళ్లు ఇచ్చినాను, తాగినాడు. నా చేతులు చూసినాడు. పుట్టినప్పటి నుంచి ఉన్న చేతులు, కొత్తగా చూసినాడు.

"నీ కాగితం వేణు చదివినాడు" అన్నాడు.

"నాకూ షరీఫా చదివింది" అన్నాను.

"నాకు అప్పుడు తెల్దు మహానందీ."

"నీకు తెల్దు. నాకు తెలుసునని చెప్తి కదా."

అప్పుడు ఇంతకాలం నేను అడగని, వాడు చెప్పని మాట చెప్పినాడు. "రోగిష్టిదని నేనే చెప్తే ఆ పొద్దే నిన్ను బండెక్కించి మన ఇంటికి తోలేవాళ్లు. సోమరిదని చెప్తే కోప్పడి అయినా ఏలుకుంటారనుకున్నా. నీ కాపురం నిలబెడదామని చెప్పినా."

"కాపురం యాడ నిలబడిందిరా? నిలబడింది నేను. కల్లంలో."

వాడి కర్ర కింద పడింది. నేను తీసి ఇయ్యలేదు, వాడే తీసుకున్నాడు. మొన్న ఆసుపత్రిలో ఎందుకు లేదన్నావని అడిగినాను. "అలవాటయిపోయింది" అన్నాడు. అది మాత్రం నిజమని నమ్మినాను.

అప్పుడు నేను పని ఆపి ఎదురుగా కూర్చున్నాను. ఇక ఆ మాట వస్తుందని. వాడు పిల్ల గురించి మాట్లాడినాడు. తన మోకాళ్ల గురించి మాట్లాడినాడు. మా అమ్మను తలుచుకున్నాడు. రుద్రవరంలో ఇల్లు కూలిపోయిందని చెప్పినాడు. రెండుసార్లు నోరు తెరిచి గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ వేరే మాట వచ్చింది. వేణూ, నాలుగు గోడలు కూడా లేవు, మూడు పక్కల తెరిచిన షెడ్డు, నేనూ వాడూ రాతి నందీ తప్ప ఎవరూ లేరు. నలుగురిలో కాదన్నాడే, ఒక్కరు కూడా లేరు. ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పినాడు.

చివరికి లేచి, బయటికి చూసి, "ఎండ బాగా ఉండాది. కొంచెం తగ్గినాక పోతా" అన్నాడు.

"నువ్వు ఎండలో పోగలవు కదా. పో" అన్నాను.

నా మొహం చూసినాడు. కండువా తల మీద వేసుకుని దిగినాడు. బస్టాపు దాకా నీడ లేదు, నీకు తెలుసు ఆ రోడ్డు. కర్ర ఆనించుకుంటూ, ఆగుతూ, మళ్లీ నడుస్తూ పోయినాడు. ముసలివాడయిపోయినాడు మీ నాయన. శిల్పాలు వరసగా నిలబెట్టినచోట తూలి, ఒక విగ్రహం భుజం పట్టుకుని నిలబడినాడు.

నేను షెడ్డు అంచు దాకా పోయినాను. చూరు నీడ ఆడికే. ఇంకో అడుగు వేస్తే ఎండ. అన్నా అని పిలిచినాను. అన్నం తిని వచ్చినవాళ్లెవరో అప్పుడే రాళ్లు కోసే మిషను వేసినారు, వాడికి వినబడలేదు. ఇంకా గట్టిగా పిలవలేదు.

మహానందమ్మ.